స్తమాతియా అంటే అర్థం

“నువ్వు రెస్ట్ తీసుకో సంపూర్ణా, పేరు సంగతి నేను చూసుకుంటాగా” అన్నాడు శశికాంత్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

అతను ఆ మాట అనే సరికి సంపూర్ణ ఎడం భుజం మీద పన్నెండు రోజుల పసిపిల్ల ఉంది. కుడి చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. ఐదేళ్ళ అక్షయ, పిల్లల బడి కీటా మూసేశారు కాబట్టి, అక్కడ ఆడాల్సిన ఆటలన్నీ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఆడుతోంది. రెస్ట్ అనేదాన్ని ఆ ఇంట్లో ఏ అరలో పెట్టారో తెలిస్తే సంపూర్ణ నిజంగానే తీసుకునేది. భర్తని అడుగుదామంటే చెవికున్న హెడ్‌ఫోన్ చూపించి, కాల్‌లో ఉన్నానని సైగ చేస్తాడు. కరోనా వచ్చాక జర్మనీలోని ఈ ఎర్లాంగెన్‌లో సగం ఆఫీసులు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. శశికాంత్ ఆఫీసు హాల్లో కిటికీ పక్కన, తలుపు వేసుకునే వీలున్న చోట వెలిసింది. సంపూర్ణ ఆఫీసు మాత్రం ప్రసవం సెలవు మొదలయ్యే దాకా వంటింటి గట్టు మీద, ఉల్లిపాయల బుట్ట పక్కనే నడిచింది.

ఈ పిల్ల 2021 ఏప్రిల్ ఎనిమిదిన తెల్లవారుజామున పుట్టింది. పంతొమ్మిది గంటల నొప్పులు, ముఖానికి మాస్కు, పక్కన మనిషి లేడు. భర్తని చివరి గంటకు మాత్రమే లోపలికి రానిచ్చారు, అప్పటి రూలు అది. విమానాలు లేక అమ్మ రాలేదు, అత్తగారు రాలేదు. శశికాంత్‌కి కాల్స్ ఉన్నాయి కాబట్టి అక్షయని మూడు రోజులు కింది వాటా రిషిత చూసుకుంది. ఆ అమ్మాయి ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది, పిల్లల్ని ఎత్తుకోవడం కూడా సరిగా రాదు, అయినా చూసుకుంది. ఇంత జరిగాక పిల్లకి పేరు పెట్టే దగ్గర మాత్రం సంపూర్ణని అందరూ విశ్రాంతి తీసుకోమన్నారు.

పేరు విషయంలో శశికాంత్ ఆఫీసు పద్ధతినే ఇంట్లోనూ పాటించాడు. గ్రీకు పేరు పెట్టాలన్నది అతని నిర్ణయం. జర్మన్ల నోట్లో తన పేరు ‘సాసీకాంట్’ అయిపోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లకి ఆ బాధ ఉండకూడదు. గ్రీకు పేర్లయితే ఇక్కడివాళ్ళకి అలవాటే, మనవాళ్ళ చెవికీ కొత్తగా, గొప్పగా ఉంటాయి. ఎక్సెల్‌లో పట్టిక వేశాడు. పేరు ఒక గడి, అర్థం ఒక గడి, జర్మన్లకి నోరు తిరుగుతుందా, నరసరావుపేటలో అమ్మకి నోరు తిరుగుతుందా, జన్మనక్షత్రం అక్షరానికి సరిపోతుందా, చివరికి పదికి ఎన్ని మార్కులు.

ఆ అక్షరం దగ్గరే మూడు రోజులు వృథా అయ్యాయి. పిల్ల పుట్టిన టైమ్ చెబితే అత్తగారు సీతారత్నం దాన్ని తిన్నగా సిద్ధాంతిగారికి చేరవేసింది. ఆయన జర్మనీ గంటల్ని మన గంటలే అనుకుని లెక్క కట్టి, ధనిష్ఠ, ‘గ’తో పెట్టమన్నాడు. ‘గ’తో వెతగ్గా వెతగ్గా గలాతియా అని ఒక పేరు దొరికింది, పాలంత తెల్లనిది అని అర్థం. అత్తగారికి ఆ అర్థం ఎంత నచ్చిందంటే, వీడియో కాల్‌లో పిల్లని మళ్ళీ ఒకసారి వెలుతురులోకి తీసుకురమ్మంది. మూడున్నర గంటల తేడా ఉందని మామగారు రవీంద్రనాథ్ గుర్తుచేస్తే, సిద్ధాంతి మళ్ళీ లెక్క కట్టి, శతభిషం, ‘స’ అన్నాడు. గలాతియా పోయింది. పిల్ల రంగు సంగతి కూడా అంతటితో వెనక్కి వెళ్ళినందుకు సంపూర్ణ శతభిషానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పట్టికని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి, నచ్చిన పేరు నంబరు పంపమన్నాడు శశికాంత్. గ్రూప్‌లో ఇరవై ఏడు మంది ఉన్నారు. వెంకటరామారావు బాబాయి పేర్లు చదవకుండానే ఒకటో నంబరు కొట్టాడు. “నువ్వూ గ్రూప్‌లో ఉన్నావుగా, నీ నంబరు కూడా పంపు” అన్నాడు శశికాంత్ భార్యతో. అతను వెక్కిరింపుగా అనలేదు, నిజంగా ఆమెకి అవకాశం ఇస్తున్నాననే అనుకున్నాడు. తొమ్మిది నెలలు మోసినందుకు వెంకటరామారావు బాబాయితో సమానంగా తనకూ ఒక ఓటు వచ్చిందని సంపూర్ణ నవ్వుకుంది. నవ్వితే కుట్లు లాగాయి.

పాలిస్తూ ఫోన్లో ఆ పట్టిక చదివింది. మొదట విసుగ్గా మొదలుపెట్టింది, తర్వాత ఆపలేకపోయింది. కాతెరీనా, పవిత్రమైనది. మార్గరీత, ముత్యం. క్లోయీ, లేత చిగురు. అంతేయా, పువ్వులాంటిది. క్సేనియా, అతిథుల్ని ఆదరించేది. ఈ చివరి పేరు దగ్గర కాస్త ఆగింది. కరోనాకి ముందు ఏ శనివారం చూసినా ఎనిమిది మంది బ్యాచిలర్లకి బిర్యానీ వండి పెట్టింది, “వదినా మీ చెయ్యి తగిలితే చాలు” అన్న మాటకి పొంగిపోయి ఆదివారమంతా గిన్నెలు తోమింది. పేరు లేకుండానే ఇన్నాళ్ళూ క్సేనియాలా బతికానన్నమాట అనుకుంది. మెలిస్సా అంటే తేనెటీగట, దానికి శశికాంత్ ఎనిమిది మార్కులు వేశాడు, కష్టపడే గుణం అని పక్కన రాశాడు. జోయి అంటే ప్రాణం, బతుకు. దానికి నాలుగే మార్కులు. ‘అర్థంలో విశేషం లేదు’ అని రాసి ఉంది. ఎవరో ఎక్కడో ఎప్పుడో ఆడపిల్లని ఎత్తుకుని, నువ్వు పవిత్రంగా ఉండాలి, నువ్వు పువ్వులా ఉండాలి, నువ్వు వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలి అని పుట్టిన రోజునే పని అప్పజెప్పేశారు. గ్రీకులైనా మనవాళ్ళైనా ఈ విషయంలో తేడా ఏమీ కనిపించలేదు ఆమెకి.

ఆ తేడా లేకపోవడం సంపూర్ణకి తన పేరు నుంచే తెలుసు. అక్కలు భానుమతి, ఊర్మిళ తర్వాత మూడో ఆడపిల్లగా పుట్టింది తను. ఇంతటితో పూర్తయింది, ఇక చాలు అని దేవుడికి తెలిసేలా నాయనమ్మ ఆ పేరు పెట్టింది. రెండేళ్ళకి తమ్ముడు జితేంద్ర పుట్టాడు. వాడి బారసాలకి తనకి కొత్త గౌను కుట్టించి, పీట మీద పక్కన కూర్చోబెట్టి, “తమ్ముణ్ణి తెచ్చిన పిల్ల” అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు. పన్నెండేళ్ళ దాకా అదొక మెడల్‌లాగా మోసింది. ఒకరోజు ఆవకాయ ముక్కలు తుడుస్తూ మీనాక్షత్త వివరంగా చెప్పాక తెలిసింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నది తనని కాదని. అప్పటి నుంచి ఎవరైనా “సంపూర్ణ, ఎంత చక్కని పేరు” అంటే థాంక్సండీ అని ఊరుకుంటుంది.

ఇరవై పేర్లకి వంకలు పెట్టిన అత్తగారు మంగళవారం నాడు ఒక పేరుకి టక్కున ఒప్పేసుకుంది. శశికాంత్ ఉత్సాహంగా వంటింట్లోకి వచ్చి చెప్పాడు.

“స్తమాతియా. మన హేబామె పేరే. ఆవిడ ఫామ్ నింపేటప్పుడు చూసి నెట్‌లో వెతికాను. స్థిరమైనది, పట్టుదల గలది అని అర్థం. ఇంట్లో తియా అని పిలుచుకోవచ్చు. అమ్మకి తెగ నచ్చింది తెలుసా.”

హేబామె అంటే ప్రసవమయ్యాక ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్ళే మంత్రసాని. వాళ్ళకి వచ్చిన హేబామె నూర్న్‌బర్గ్‌లో పుట్టిన గ్రీకు మనిషి, యాభై దాటాయి, వానైనా మంచైనా సైకిల్ మీదే వస్తుంది. ఈ పన్నెండు రోజుల్లో “నువ్వు తిన్నావా” అని అడిగిన మనుషుల్లో ఇంట్లోకి వచ్చి అడిగింది ఆవిడొక్కతే. అందుకని ఆ పేరు వినగానే సంపూర్ణకి నిజంగా సంతోషమేసింది. స్థిరమైనది అంటే బాగానే ఉంది కదా అనుకుంది. ఏ వంకా పెట్టకుండా అత్తగారు ఎలా ఒప్పుకుందో మాత్రం కాస్త వింతగా తోచింది.

గురువారం స్తమాతియా వచ్చింది. మాస్కు సర్దుకుని, చేతులు కడుక్కుని, పిల్లని గుడ్డ ఉయ్యాల్లో వేసి కాటాకి వేలాడదీసి బరువు చూసింది. మూడు కిలోల రెండు వందలు. “బాగా పెరుగుతోంది, పాలు నీకు సమృద్ధిగా ఉన్నాయి” అంది. సంపూర్ణ తనకి వచ్చిన జర్మన్‌ని జాగ్రత్తగా కూడగట్టుకుని చెప్పింది, పిల్లకి మీ పేరే పెడుతున్నాం అని.

ఆవిడ కాటా విప్పుతున్న చేతులు ఆగాయి. సంతోషించే మనిషి ముఖం కాదది.

“ఎవరు ఎంచారు ఆ పేరు?” అని అడిగింది.

“నా భర్త. స్థిరమైనది అని అర్థమట కదా.”

స్తమాతియా మంచం అంచున కూర్చుంది. పిల్లకి బట్టలు తొడుగుతూ, సంపూర్ణకి అర్థమయ్యేలా నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పింది. “మా ఊళ్ళో ఈ పేరు ముచ్చటపడి పెట్టేది కాదు. స్తమాతా అంటే ఆగు అని. ఇంట్లో ఆడపిల్లలు ఎక్కువైతే పెడతారు. నేను నాలుగోదాన్ని. మా నాన్న అప్పటికే ఇక్కడ ఫ్యాక్టరీలో పని. ఊరి నుంచి మా నాయనమ్మ ఉత్తరం రాసింది, ఈసారి ఆ పేరు పెట్టండి అని. తర్వాత నా తమ్ముడు పుట్టాడు.” ఆవిడ నవ్వింది, కళ్ళు మాత్రం నవ్వలేదు. “మా ఇంట్లో నా పేరుని చాలా ప్రేమించారు.”

ఆ మాటలు జర్మన్‌లో వినిపించాయి గానీ సంపూర్ణకి తన పుట్టింట్లో, ఆవకాయ ముక్కల దగ్గర వినిపించాయి. తర్వాత తన పేరు చెప్పి, దానికి అర్థం కూడా చెప్పింది, మూడోదాన్ని అంది, తమ్ముడు పుట్టాడు అంది. వెళ్ళే ముందు స్తమాతియా తలుపు దగ్గర ఆగి, “నా పేరు నాకు ఇప్పుడు ఇష్టమే. వెయ్యి మంది పిల్లల్ని పట్టిన చేతులతో ఆ పేరు రాస్తాను. కానీ ఈ పిల్లకి వద్దు” అంది.

ఆవిడ వెళ్ళాక సంపూర్ణ పిల్లని పడుకోబెట్టి, ఫోన్లో ఆ పట్టిక మళ్ళీ తెరిచింది. స్తమాతియా ఎదురుగా ‘స్థిరమైనది, పట్టుదల గలది’ అనే ఉంది. కిందకి జరుపుతుంటే అడుగున ఇంకో షీటు కనిపించింది. మొన్న ఒంటిచేత్తో చదివినప్పుడు అంత దూరం వెళ్ళలేదు. దాని మీద ‘బాబు 2023’ అని రాసి ఉంది.

అందులో నలభై పేర్లు ఉన్నాయి. అలెక్సాంద్రోస్, మనుషుల్ని కాపాడేవాడు. నికోలాస్, ప్రజలకు విజయం తెచ్చేవాడు. లియోన్, సింహం. ఆంద్రేయాస్, పౌరుషం గలవాడు. ఆడపిల్లల షీటులో రంగులు లేవు, ఇందులో వరసవరసకీ రంగు వేసి ఉంది. సంపూర్ణకి మొదట కోపం రాలేదు. నవ్వొచ్చింది. కుట్లు ఇంకా ఆరలేదు, పాలు ఇంకా కుదురుకోలేదు, అప్పుడే తన ఒంటికి డెడ్‌లైన్ పెట్టేశారు. ఆ నవ్వు ఆగాక వచ్చింది కోపం. అది ఆమెని ఊపేసే కోపం కాదు, చాలా తేటగా ఉంది. పిల్ల పేరు ఒకటే కాదిది. ఆ పేరు పెట్టడానికి ఒప్పుకుంటే, దాని వెనకాల ఇంకో తొమ్మిది నెలలకి, ఇంకో పంతొమ్మిది గంటలకి తనే సంతకం చేసినట్టు. వచ్చే ఏప్రిల్‌లో తను ఆఫీసుకి తిరిగి వెళ్ళాలి. ఆస్పత్రి యంత్రాలకి వాడకం పుస్తకాలు రాసే టీమ్ అది, దానికి లీడ్‌గా తీసుకుంటామని సెలవుకి ముందు చెప్పారు. చెప్పిన మేనేజరే “మళ్ళీ ఇంకో సెలవు ప్లాన్ లేదు కదా” అని నవ్వుతూ అడిగాడు. తను కూడా నవ్వేసి ఊరుకుంది. ఆ ప్రశ్న శశికాంత్‌ని ఏ మేనేజరూ అడగలేదు.

జనన నమోదు ఆఫీసు నుంచి వచ్చిన ఫామ్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పేరు నెల లోపల తెలపాలి, తల్లి తండ్రి ఇద్దరి సంతకాలూ కావాలి. సంపూర్ణ దాన్ని తీసి, చదివి, పేరు గడిలో పెద్ద అక్షరాలతో జోయి అని రాసింది. నాలుగు మార్కుల పేరు. బతకడం తప్ప ఆ పిల్లకి ఇంకే పనీ అప్పజెప్పని పేరు అదొక్కటే కనిపించింది. కింద తన సంతకం పెట్టింది. అంత కుదురుగా సంతకం పెట్టి చాలా రోజులైందనిపించింది.

శుక్రవారం పొద్దున్న రెండు కాల్స్ మధ్యలో శశికాంత్ టీ కోసం వచ్చినప్పుడు, టీ కప్పు పక్కనే ఆ ఫామ్ పెట్టింది.

“ఇదేంటి, స్తమాతియా కదా అనుకున్నాం?”

“మీరు, అత్తయ్య అనుకున్నారు. దాని అర్థం నాకు తెలిసింది.”

శశికాంత్ టీ తాగబోయి ఆగాడు. “అంటే, నెట్‌లో రకరకాలుగా ఉంటాయి సంపూర్ణా. ఒకచోట స్థిరమైనది అని కూడా ఉంది. ఆగేది అన్నా, స్థిరంగా ఉండేది అన్నా ఒకటేగా. అమ్మ ఒకటే పోరు. పెద్దదానికి అక్షయ అని పెట్టబట్టే ఆడపిల్లలు తరగలేదు, ఈసారైనా చాలనే పేరు పెట్టండి అని. ఆవిడ మాట పోనివ్వకుండా, మోడర్న్‌గా కూడా ఉండేట్టు చూశాను. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?”

“సోమవారం మన హేబామె మళ్ళీ వస్తుంది. మీరే చెప్పండి ఆవిడకి, మా పిల్లకి మీ పేరు ఎందుకు పెట్టామో. అర్థంతో సహా. నేను పక్కన ఉంటాను.”

అతను కప్పు కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు శశికాంత్. తల్లికి చెప్పలేని మాటలన్నీ భార్యకి సర్ది చెప్పుకుంటూ తొమ్మిదేళ్ళు లాక్కొచ్చినవాడు, ఈ పని కూడా అలాగే అయిపోతుందనుకున్నాడు. ఆవిడ ముందు ఆ వాక్యం అనాల్సిన దృశ్యం ఊహించుకున్నట్టున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

“బాబు షీటు కూడా చూశాను” అంది సంపూర్ణ.

“అది ఊరికే. ఫ్యూచర్‌కి పనికొస్తుందని.”

“ఎవరి ఫ్యూచర్ అని నన్ను అడగలేదు కదా మీరు.”

హాల్లో ల్యాప్‌టాప్ కాల్ వచ్చినట్టు మోగింది. ఎప్పుడూ ఆ మోత వినగానే పరుగెత్తే మనిషి ఈసారి కదల్లేదు, కదిలితే తప్పించుకున్నట్టవుతుందని తెలిసినట్టుంది. చివరికి, “ఆదివారం అమ్మతో మాట్లాడి చూస్తాను” అన్నాడు.

“మీరెందుకు ఇబ్బంది పడటం. నేను మాట్లాడతాను” అంది సంపూర్ణ.

ఆదివారం పదింటికి తనే కాల్ కలిపింది. బయట ఏప్రిల్ నెలాఖర్లో కూడా సన్నగా మంచు రాలుతోంది. ఫామ్ బల్ల మీద ఉంది, దాని మీద పెన్ను ఉంది. శశికాంత్ కెమెరాకి అందకుండా పక్క కుర్చీలో కూర్చున్నాడు. అక్షయ తల్లి దగ్గరికి వచ్చి, జర్మన్‌లో, “మామా, డార్ఫ్ ఇష్ ఫెర్న్‌జేన్?” అని టీవీ పెట్టుకోవడానికి అడిగితే, సరేనంది.

సీతారత్నం కళ్ళజోడు సర్దుకుని తెరలోకి వంగింది. “ఏమ్మాయ్, పిల్లేది? తియా అని పిలుస్తున్నారా?”

“లేదత్తయ్యా. జోయి అని పెడుతున్నాం. ఫామ్ నింపేశాను.”

“జోయినా? అక్షరం కలవదుగా. మొన్న శశి చెప్పిన పేరుకేమైంది? బానే ఉందిగా.”

“ఆ పేరుకి ఆగమని అర్థమత్తయ్యా. నా పేరుకి కూడా అదే అర్థం. నేను ముప్పై మూడేళ్ళు మోశాను, నా కూతురు మొయ్యక్కర్లేదు.”

సీతారత్నం ఒక్క క్షణం తగ్గింది, మళ్ళీ సర్దుకుంది. ఆవిడ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది, శశికాంత్‌కి ముందు తనకీ ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ఆ ముగ్గురికి ముందూ వెనకా తను ఏమేం పడిందో ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఆ భయంలో అదంతా ఉంది. “నామాట కాదనకమ్మాయ్. ఒక పేరేగా, దానికేం నొప్పి? అది పెట్టకపోతే, రేపు మూడోది కూడా ఆడపిల్లయితే నిన్నేగా అంటారు అందరూ. నీ మంచికే చెప్తున్నా.”

“మూడోది లేదత్తయ్యా” అంది సంపూర్ణ. గొంతు పెంచలేదు, తడబడలేదు. “ఆగమని దేవుడికి చెప్పడానికి నా కూతురు పేరు అక్కర్లేదు. నేను ఆగాను. నా ఒళ్ళు, నేనే చెప్పుకున్నాను.”

సీతారత్నం వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు బాగా తగ్గించి అడిగింది.

“ఈ మాట శశి విన్నాడా?”

“విన్నారత్తయ్యా. పక్కనే కూర్చుని సంతకం పెడుతున్నారు.”

శశికాంత్ అప్పటికింకా పెన్ను ముట్టుకోలేదు. ఆ మాట విన్నాక తీశాడు.